మాట ఇచ్చినది ఒకరు, నిలువవలసినది మరొకరు

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగములు: యెహోషువ గ్రంథము 9వ అధ్యాయము, యోహాను వ్రాసిన మూడవ పత్రిక)

రేడియో దగ్గర కూర్చున్న మీరు బైబిలు తెరచి యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయము తీసిపెట్టుకొనండి. అక్కడికి వెళ్లేముందు ఒక ఉత్తరము సంగతి మీతో చెప్పాలి.

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న ఒక తెలుగు సహోదరుడు ఈ ఉత్తరము వ్రాశారు. వారి తండ్రిగారు గ్రామ సంఘములో చాలా ఏండ్లు ఉపదేశిగా ఉండి ప్రభువునందు నిద్రించారు. ఈయన భూస్థాపనకు వచ్చి, ఆదరణ కూడిక ముగించుకొని, తిరుగు ప్రయాణములో తండ్రిగారి హార్మోనియం పెట్టె వెంట తీసుకువెళ్దామనుకున్నారు. మామూలుగా అనుమతించే రెండు పెట్టెలకు ఇది మూడవది. అయినా ఆయనకు దిగులు లేదు. ఎందుకంటే ఆయన దగ్గర ఒక విమాన సంస్థవారి బంగారు కార్డు ఉన్నది. ఏండ్ల తరబడి ఆ సంస్థ విమానాల్లోనే తిరిగినందుకు వారిచ్చినది. ఆ కార్డు ఉన్నవారు ఆ సంస్థలోనే కాక, దానితో పొత్తు ఉన్న సంస్థలన్నిటిలోను ఒక పెట్టె అదనముగా తీసుకుపోవచ్చునని, లాంజ్‌లో కూర్చోవచ్చునని, ముందుగా విమానము ఎక్కవచ్చునని వారి నియమాలలో వ్రాసి ఉన్నది.

శంషాబాద్‌లో ఆయన ఎక్కవలసినది పొత్తు సంస్థవారి విమానము. కౌంటరులోని అమ్మాయి కార్డు చూసి, కంప్యూటరు చూసి, "మాకు ఏమీ చూపించడం లేదండీ, ఇది వాళ్లిచ్చిన కార్డు, వాళ్లనే అడగండి" అన్నదట. ఆయన కార్డు ఇచ్చినవారికి ఫోను చేశారు. "మా వైపు అంతా సరిగానే ఉంది సార్, పెట్టె తీసుకోవలసింది వాళ్లు, వాళ్లనే అడగండి" అన్నారు. వెనుక క్యూ పెరిగిపోతున్నది. కట్టవలసిన డబ్బు ఎంతో విని ఆయన నోరు మూతబడింది. చివరికి ఆ హార్మోనియం, దించడానికి వచ్చిన బావమరిదిగారి చేతిలో మళ్లీ ఊరికి తిరిగి వెళ్లిపోయింది.

ఆయన అడిగిన ప్రశ్న ఇది. "అయ్యగారూ, ఒక కార్డు కోసం పోట్లాడటం విశ్వాసికి తగునా? ప్రార్థన చేసుకొని ఊరుకోండి అని నా భార్య అంటున్నది. నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు. నేను అడిగినది నాకు లేని గౌరవము కాదు. వారు ఇస్తామన్నదే అడిగాను."

ప్రియులారా, మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలునని ప్రార్థించేవాళ్లము మనము, మనకెందుకండీ విమానాల గొడవ అని. అయితే ఆరోగ్యశ్రీ కార్డు చేత పట్టుకొని ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడిన అమ్మకు, రేషను కార్డు పట్టుకొని పని కోసము వేరే ఊరికి వెళ్లిన కూలి సహోదరునికి ఈ ఉత్తరము నేను వేరే వివరించనక్కరలేదు. కార్డు ఇచ్చినది ఒకరు. దానిని చెల్లించవలసినది ఇంకొకరు. ఆ ఇద్దరి నడుమ నిలబడిపోయినది మనము.

విమానాల ఏర్పాటు కొంచెం చెప్పుకుందాము. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌వారు, తమ విమానాల్లో తరచుగా తిరిగేవారికి మైళ్లు లెక్కగట్టి బహుమానము ఇచ్చే పథకము మొదలుపెట్టారు. కొద్దిరోజులకే యునైటెడ్‌వారు అదే చేశారు. ఆ తరువాత ఎక్కువ తిరిగేవారికి వెండి, బంగారము, ప్లాటినము అని అంతస్తులు వచ్చాయి. ఒక్క సంస్థ లోకమంతా ఎగరలేదు గనుక, 1997 మే 14న యునైటెడ్, లుఫ్తాన్సా, ఎయిర్ కెనడా, థాయ్, స్కాండినేవియా దేశాల ఎస్.ఏ.ఎస్. అనే ఐదు సంస్థలు కలిసి స్టార్ అలయన్స్ అనే కూటమి కట్టాయి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ అనేవి వచ్చాయి. మన ఎయిరిండియా 2014 జూలైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. ఈ కూటములన్నిటికి పునాది ఒకే మాట: మా వాడిని మీ వాడిగా చూడండి, మీ వాడిని మేము మా వాడిగా చూస్తాము.

వినడానికి ఇది అపొస్తలుడు వ్రాసిన మాటలాగానే ఉన్నది కదా! ఆచరణలో మాత్రము ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్టు అయిపోతుంది కార్డు. టికెట్టు అమ్మినది ఒక సంస్థ, విమానము నడిపేది ఇంకొక సంస్థ. ఒకరి కంప్యూటరులో ఎక్కిన సంఖ్య మరొకరి కంప్యూటరులోకి రాదు. నియమాలలో మినహాయింపులుంటాయి. కూటమి మారితే కార్డు విలువా మారుతుంది. స్టార్ అలయన్స్ స్థాపించిన ఐదింటిలో ఒకటైన ఎస్.ఏ.ఎస్. సంస్థే 2024 ఆగస్టు 31తో ఆ కూటమి విడిచి, మరునాడు స్కైటీమ్‌లో చేరింది. రాత్రికి రాత్రి ఆ సంస్థ బంగారు కార్డు నిన్నటి తలుపుల దగ్గర చెల్లకుండా, వేరే తలుపుల దగ్గర చెల్లడము మొదలైంది. 2019 ఏప్రిల్ 17న మన జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయిన రాత్రి, ఆ సంస్థ ప్లాటినము కార్డు జేబులో ఉన్నవారికి ముందుగా ఎక్కడానికి విమానమే లేకపోయింది.

న్యాయస్థానములో అడగరాదా అని మీరు అనవచ్చు. అడిగినవారు ఉన్నారు. అమెరికాలో ఒక యూదుల రబ్బీగారు, గిన్స్‌బర్గ్ అనే ఆయన, నార్త్‌వెస్ట్ అనే సంస్థలో పై అంతస్తు సభ్యుడు. ఆయన మరీ ఎక్కువగా ఫిర్యాదులు చేయుచున్నారని 2008లో ఆ సంస్థ ఆయన సభ్యత్వమును తీసివేసింది. ఆ వ్యాజ్యము ఆ దేశపు సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. సద్భావముతో నడుచుకోవలసిన బాధ్యత సంస్థకు ఉన్నదని ఆయన చేసిన వాదన అక్కడి విమానయాన చట్టము ముందు నిలువదని 2014 ఏప్రిల్‌లో కోర్టు తీర్పు చెప్పింది. సభ్యత్వము తీసివేసే అధికారము తన ఇష్టమునకే విడువబడినట్లు ఆ సంస్థ తన నియమాలలో ముందే వ్రాసి పెట్టుకున్నది. అయితే అదే కోర్టు 1995లో మరొక వ్యాజ్యములో, సంస్థ తానుగా ఇచ్చిన మాటను తప్పితే ఆ మాట మీద అడుగవచ్చునని కూడ చెప్పింది. మన ఉత్తరము వ్రాసిన సహోదరునికి పనికివచ్చేది ఈ రెండవది. సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా 1999 నాటి మాంట్రియల్ ఒప్పందము ఉన్నది, దానిలో మన దేశము 2009లో చేరింది. ఆ విషయములలో టికెట్టు అమ్మినవారినైనా, విమానము నడిపినవారినైనా అడుగవచ్చును. బంగారు కార్డు మర్యాదలకు మాత్రము ఆ కాపుదల లేదు.

ఒక్క సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది. 2020లో కరోనా వచ్చి విమానాలన్నీ నేలమీద నిలిచిపోయినప్పుడు, యునైటెడ్, డెల్టా వంటి సంస్థలు తమ మైళ్ల పథకాలనే తాకట్టు చూపి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకున్నాయి. ఎగరని విమానాల కన్న, ప్రయాణికునికి ఇచ్చిన మాటే అప్పిచ్చేవారికి గట్టి ఆస్తిగా కనిపించింది! అంత విలువగల మాట కౌంటరు దగ్గర ఒక హార్మోనియం పెట్టెను మోయలేకపోయింది.

ఇప్పుడు యెహోషువ తొమ్మిదవ అధ్యాయము చూడండి.

ఇశ్రాయేలీయులు యెరికోను, హాయిని గెలిచి గిల్గాలులో దిగి ఉన్నారు. గిబియోను పట్టణస్థులు భయపడి ఒక ఉపాయము పన్నారు. దగ్గర ఊరివారే అయినా, చాలా దూరమునుండి వచ్చినవారివలె వేషము వేశారు. పాత గోనెలు, చిరిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలు చూశారు గాని యెహోవా యొద్ద విచారణ చేయలేదు. వారిని చంపము అని దేవుని నామమున ప్రమాణము చేశారు. మూడు దినములకు గుట్టు బయటపడింది. వీరు పొరుగువారే!

అప్పుడు సమాజమంతా పెద్దలమీద సణిగింది. ఎందుకు సణుగరు? ప్రమాణము చేసినది పెద్దలు. దాని భారము మోయవలసినది వెనుక కత్తి పట్టుకొని నిలబడిన సామాన్య సైనికుడు. దోపుడు సొమ్ము పోయినది అతనికి. "నేను ప్రమాణము చేయలేదు, నా దగ్గర ఏమీ వ్రాసి లేదు, చేసినవారినే అడగండి" అని గిబియోను ద్వారము దగ్గర ఆ సైనికుడు అనవచ్చును. పైగా ప్రమాణము మోసముతో సంపాదించబడినది. ఈ కాలపు న్యాయవాది ఎవరైనా ఒక్క నిమిషములో కొట్టివేయించగలడు. అయినా ఆ పెద్దలు, మేము యెహోవా తోడని ఒట్టుపెట్టుకొన్నాము గనుక వారిని ముట్టకూడదు అన్నారు, సమాజము దానికి లోబడింది. గిబియోనీయులకు కట్టెలు నరికే పని, నీళ్లు తోడే పని వచ్చినది. ప్రాణము మాత్రము దక్కినది.

అక్కడితో అయిపోలేదు. పదవ అధ్యాయము తిప్పండి. ఐదుగురు రాజులు గిబియోనుమీదికి దండెత్తితే, ఆ మోసగాళ్లే యెహోషువకు కబురు పంపారు, వచ్చి రక్షించుమని. ఆయన, మిమ్మును చంపమని మాత్రమే చెప్పాము, కాపాడతామని ఎప్పుడు చెప్పాము అని నియమావళి తిరగేయలేదు. రాత్రంతా నడిచి గిల్గాలునుండి కొండలెక్కి వచ్చాడు. సూర్యుడు నిలిచిపోయిన దినము అని సండేస్కూలులో నేర్చుకున్నాము కదా, అది ఈ యుద్ధమే. ఆ అద్భుతము ఎవరికొరకైన యుద్ధములో జరిగిందో మనము పిల్లలకు చెప్పడము మరచిపోతాము. బూజు పట్టిన రొట్టెలతో వచ్చినవారికిచ్చిన మాట కొరకు ఆ సైన్యము వచ్చినది.

కొన్ని వందల సంవత్సరాలు గడిచాయి. సౌలు రాజయ్యాడు. ఇశ్రాయేలు మీది ఆసక్తితో ఆయన గిబియోనీయులను హతము చేయబూనుకున్నాడు. నా తాతల నాటి మాట నాకెందుకు అనుకున్నాడేమో. దావీదు దినములలో మూడేండ్లు వరుసగా కరవు వచ్చి, దావీదు కారణము అడిగితే, దేవుడు చూపించినది ఆ రక్తమునే. రెండవ సమూయేలు 21వ అధ్యాయములో ఉన్నది. అది చదవడానికి కష్టమైన అధ్యాయము, దాని మిగతా భాగము ఈ పది నిమిషాలలో చెప్పేది కాదు. ఈ ఒక్కటి చూడండి: ఒట్టు పెట్టినవారు చనిపోయి సమాధులు కూడ శిథిలమైన తరువాత కూడ దేవుని లెక్కలో ఆ ఒట్టు బ్రతికే ఉన్నది.

ఇప్పుడు మన సహోదరుని ప్రశ్న. అడగటము తగునా? తగును. ఫిలిప్పీలో పౌలును, సీలను విచారణ లేకుండా కొట్టించి, మరునాడు రహస్యముగా పంపివేయబోతే, మేము రోమీయులము, అధికారులే వచ్చి మమ్మును బయటికి తీసికొనిపోవలెను అని పౌలు పట్టుబట్టాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోయేముందు సహస్రాధిపతితో అదే మాట అన్నాడు. ఆ అధికారి తన పౌరసత్వమును చాలా సొమ్ము పోసి కొనుక్కున్నవాడు, పౌలుకేమో అది పుట్టుకతో వచ్చినది. కాబట్టి సహోదరుడా, ఊరుకోనక్కరలేదు. టికెట్టు కాగితము, కార్డు సంఖ్య, నీ దగ్గర అడిగిన డబ్బు ఎంతో, అన్నీ జతచేసి రెండు సంస్థలకూ వ్రాయండి. ఈసారి టికెట్టు కొనేముందు విమానము నడిపేది ఎవరో చూసి, కార్డు సంఖ్య ఆ టికెట్టులో ఎక్కిందో లేదో కౌంటరు దాకా ఆగకుండా ముందే అడగండి. కౌంటరులోని అమ్మాయిని మాత్రము ఏమీ అనవద్దు. ఆమె చేతిలో ఉన్నది ఒక కంప్యూటరు, నెల జీతము, అంతే.

అయితే అదే పౌలు, ఫిలిప్పీ పట్టణములోని ఆ సంఘమునకే పత్రిక వ్రాస్తూ, తన వంశము, గోత్రము, పరిసయ్యుల హోదా అన్నీ వరుసగా లెక్కబెట్టి, క్రీస్తును పొందుటకు అవన్నీ చెత్తతో సమానమని కొట్టివేశాడు. హక్కు అడగటము ఒకటి, హోదాను ప్రేమించటము ఇంకొకటి. హార్మోనియం కోసము అడగండి. లాంజ్‌లో కుర్చీ దొరకలేదని ఇంటికి వచ్చి భార్యమీద విసుక్కోవద్దు. బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి ముందు వరుస చూపించే సంఘమును యాకోబు ఎలా గద్దించాడో మీకు తెలుసు. ఉంగరము కార్డు అయింది, అంతే తేడా.

ఇంతవరకు విమానాలవారిని అన్నాను. ఇక మన వంతు.

మన తెలుగు సంఘములలో ఒక పద్ధతి ఉన్నది. ఊరు మారే విశ్వాసికి పాస్టరుగారు ఉత్తరము ఇస్తారు. ఈ సహోదరుడు మా సంఘ సభ్యుడు, బాప్తిస్మము పొందినవాడు, చేర్చుకొనగలరు అని. గుంటూరు లూథరను సంఘమునుండి ఒకరు, మెదకు సి.ఎస్.ఐ. సంఘమునుండి ఒకరు, ప్రకాశము జిల్లా బాప్తిస్టు సంఘమునుండి ఒకరు ఆ కాగితము మడిచి జేబులో పెట్టుకొని హైదరాబాదు చేరతారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంప్రదాయాలవారు, ఇక మీవారు మావారు అని దేవుని ఎదుట చెప్పుకొన్నారు. అంత పెద్ద మాట చెప్పిన తరములకు మనము వారసులము.

ఒక కుటుంబము సంగతి చెప్తాను, ఊరు పేరు చెప్పను. పల్లెనుండి పట్టణమునకు వచ్చి స్థిరపడ్డారు. ఉత్తరము తెచ్చి ఇచ్చారు. కమిటీలో చూస్తామన్నారు. ఆదివారము వస్తున్నారు, కానుకలు వేస్తున్నారు, క్రిస్మసుకు చందా ఇచ్చారు. నాలుగేండ్ల తరువాత వారి తల్లిగారు ప్రభువునందు నిద్రించారు. సమాధి తోటలో స్థలము కొరకు వెళితే, రిజిస్టరులో పేరు లేదమ్మా, మీ పల్లె సంఘమువారినే అడగండి అన్నారు. పల్లెకు ఫోను చేస్తే, మీకు ఉత్తరము ఇచ్చి పంపేశాము కదా, ఇక్కడ పేరు కొట్టేశాము, పట్టణమువారినే అడగండి అన్నారు. ఆ తల్లి ఒక పగలు, ఒక రాత్రి అద్దె ఐసు పెట్టెలో ఇంటి ముందు ఉన్నది. అప్పుడు ఒక పెద్దాయన, ఆ సంఘములో కమిటీ సభ్యుడు కూడ కాదు, తన కుటుంబమునకు కేటాయించుకొన్న స్థలములో ఆమెను పెట్టించారు.

విమాన సంస్థ ఆ మాటే అన్నప్పుడు మనకు కోపము వచ్చింది. సంఘము అన్నప్పుడు దానికి మనము క్రమశిక్షణ అని పేరు పెట్టుకొంటాము. నేను రిజిస్టర్లకు వ్యతిరేకిని కాను. రిజిస్టరు లేని సంఘములో ఏమి జరుగుతుందో కూడ చూశాను. కాని వచ్చిన ఉత్తరము నాలుగేండ్లు సొరుగులో ఉండటము క్రమశిక్షణ కాదు.

యోహాను మూడవ పత్రిక బైబిలులో చాలా చిన్న పత్రిక, ఒక్క పేజీ. అందులో ముగ్గురు మనుష్యులు కనబడతారు. దియొత్రెఫే, పెద్దరికము కోరేవాడు. అపొస్తలుడు వ్రాసి పంపినదానిని కూడ అంగీకరించడు, వచ్చిన సహోదరులను చేర్చుకొనడు, చేర్చుకొనేవారిని కూడ ఆటంకపరచి సంఘములోనుండి వెలివేస్తాడు. రెండవవాడు గాయు. ముక్కు ముఖము తెలియని పరదేశులను కూడ చేర్చుకొని, దేవునికి తగినట్టుగా సాగనంపినవాడు. మూడవవాడు దేమేత్రి. బహుశః ఆ ఉత్తరము పట్టుకొని గాయు ఇంటి తలుపు తట్టినవాడు అతడే కావచ్చునని నేననుకుంటాను, వాక్యము స్పష్టముగా చెప్పదు. యోహాను ఇచ్చిన మాట చెల్లిందో లేదో యోహాను దగ్గర తేలదు. గాయు గుమ్మము దగ్గర తేలుతుంది.

సంఘ కార్యదర్శులుగా ఉన్న సహోదరులారా, ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత సొరుగు తెరవండి. ఎన్ని ఉత్తరాలున్నాయో లెక్క పెట్టండి. నెలలోపల ప్రతి ఉత్తరమునకు జవాబు వ్రాయండి. జవాబు చేరేవరకు పంపిన సంఘము ఆ పేరు కొట్టివేయవద్దు. ఒక పేరు రెండు చోట్ల ఒక నెల ఉంటే పరలోకములో ఎవరికీ నష్టము లేదు. రెండు చోట్లా లేకపోతే ఇక్కడ ఒక తల్లికి సమాధి లేదు.

క్రీస్తు సంగతి చెప్పకుండ ముగించలేను. ఫిలేమోనుకు పౌలు వ్రాసిన పత్రికలో, ఒనేసిమును నన్నే చేర్చుకొన్నట్టు చేర్చుకొనుమని, అతడు నీకు బాకీపడినది ఏదైనా ఉంటే నా లెక్కలో వేయుమని, తన చేతితోనే వ్రాసి ఇచ్చాడు. పౌలు ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? తండ్రి అబ్రాహాముకు ప్రమాణము చేశాడు. తనకంటె గొప్పవాడు లేడు గనుక తన తోడు అని చేశాడని హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. ఆ ప్రమాణము చెల్లించడానికి శరీరముతో వచ్చి నిలబడినవాడు కుమారుడు. వారినే అడగండి అని ఆయన ఎవరితోను అనలేదు. గొల్గొతా దగ్గర మన లెక్క మొత్తము తన లెక్కలో వేయించుకున్నాడు. బూజు పట్టిన రొట్టెలతో, వేషము వేసుకొని వచ్చిన నీకు, నాకు కూడ ఆ మాట చెల్లింది.

వచ్చే వారము ఇదే సమయమునకు ఫిలేమోను పత్రిక పూర్తిగా ధ్యానించుకొందము. ముందుగా చదివి ఉంచుకొనండి, ఇరవై అయిదు వచనములే. ఏ సంఘములోను పేరు లేక ఉన్నవారు ఎవరైనా ఈ ప్రసంగము వింటూ ఉంటే మాకు ఉత్తరము వ్రాయండి. మీ ఊరిలో మాకు తెలిసిన కాపరి ఒకరికి మీ సంగతి తెలియజేస్తాము, వారు జవాబు ఇచ్చేవరకు మేము అడుగుతూనే ఉంటాము.

ప్రార్థన చేసుకొందము. పరలోకపు తండ్రీ, తండ్రిని పాతిపెట్టి ఒంటరిగా తిరిగి వెళ్లిన మా సహోదరుని ఆదరించుము. ఈ రాత్రి ఆసుపత్రుల దగ్గర, కార్యాలయాల దగ్గర కాగితము చేత పట్టుకొని నిలబడినవారిని, వారికి జవాబు చెప్పలేక తల వంచుకొన్న గుమాస్తాలను జ్ఞాపకము చేసికొనుము. మా సంఘముల సొరుగులలో ఉన్న పేర్లన్నియు నీకు తెలుసు. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.